మూడో కౌంటరు

తిరుపతిలో లైనంటే ఎవురూ భయపడరు.
లైను కనిపిస్తే చాలు, పోయి ఎనకాల నిలబడి
తర్వాత అడుగుతారు, ఇది దేనికని.
నా కౌంటరు ముందర కూడా అంతే.
ఆ రోజు ఒకాయన, బుర్ర మీద గోరెడు జుట్టు.
కొండ దిగి దారి తప్పినాడనుకుని
"లడ్డు కౌంటరు ఇది కాదు నాయనా" అన్నాను.
నవ్వలేదు.
"గుండు కాదు మేడం, కటింగు" అన్నాడు.

అప్పుడు చూసినాను చేతిలో ఫైలు.
ప్లాస్టిక్ కవరు, దాంట్లో ఇంకో కవరు,
దాంట్లో ఇంకోటి.
మంచు తగలకుండా కాగితాన్ని చుట్టడం
బాగా నేర్చిన చేతులు.
లాన్స్ నాయక్ చెంగల్రాయులు. తాత పేరంట.
ఐరాల దగ్గర పల్లె. బి.ఏ. రెండో ఏడు.

మా బోర్డు మీద దూరవిద్య అని ఉంటాది.
ఎంత దూరమో ఎవురూ రాయలేదు.
రైల్లో మూడు రాత్రులంట,
దానికి ముందర ఒక రోజు లారీ,
లారీకి ముందర ఒక రోజు నడక.
రేణిగుంటలో దిగి మొగం కడుక్కుని
నేరుగా ఇక్కడికే వచ్చినాడు.
ఇంటికి ఇంకా పోలేదు.
ఇరవై రోజుల లీవులో రానూ పోనూ
పది రోజులు దారికే సరి.

కట్టాల్సింది నాలుగువేల ఎనిమిదొందలు.
సర్వీసులో ఉండేవాళ్ళకు సగం మాఫీ.
పరీక్ష ఫీజుకు లేదు, పుస్తకాలకు లేదు,
పోయినేడు లీవు దొరక్క రాయని
రెండు పేపర్లకు అసలే లేదు.
"రాలేకపోతే ఫెయిలేనా మేడం?"
రూల్లో రెంటికీ ఒకటే గడి, అన్నాను.

"జీతం వస్తా ఉందే, ఎందుకబ్బా నీకు ఈ చదువు?"
అడిగింది నేను కాదు,
పక్క కౌంటరు దేశమ్మ.
"మా ఊర్నించి పదకొండు మంది పోయినారు మేడం.
నలభై నిండకనే ఇంటికి పంపిస్తారు.
అందరూ ఏటీఎం ముందర స్టూలు మీద ఉండారు.
నాకు లోపల కుర్చీ కావాల."

ఫారం తిప్పి ఇచ్చినాను.
మూడు గళ్ళు, ఒకదాని కింద ఒకటి:
సర్వీసులో ఉన్నవారు
మాజీ సైనికులు
అమరుల కుటుంబీకులు
ఆ వరస ఎవరు వేసినారో,
నడుమ వేలి మందం ఎడం కూడా లేదు.
మొదటి గడిలో టిక్కు పెట్టినాడు.
పెన్ను జారి, తోక కిందికి సాగింది.
వైట్‌నర్ తెచ్చి ఆ తోకను తుడిచేసినాను.
"ఏం పర్లేదు మేడం."
నేను మాత్రం ఆరేదాకా ఊదుతానే ఉన్నాను.

రాయితీ ఒకసారి రాయించుకుంటే చాలదు.
ప్రతి జూన్లో కొత్త సర్టిఫికెట్టు పంపాల,
ఇతను ఇంకా సర్వీసులోనే ఉన్నాడని.
ఆఫీసరు సంతకం, గుండ్రటి సీలు.
ఇరవై రెండేళ్ళ నౌకరీలో
"ఇంకా" అనే మాట దగ్గర
ఎన్నడూ ఆగలేదు నా కన్ను.

ఈ ఏడు జూన్ అయిపోయింది.
జూలై పదిహేను ఆఖరు.
పోస్ట్‌మన్‌ను మెట్ల మీదికి పోయి
రెండుసార్లు కేకేసినాను.
దేశమ్మ నవ్వింది.
తర్వాత నవ్వడం మానేసింది.

ఆఖరి రోజు మూడున్నరకు వచ్చింది కవరు,
మూలలు నాని, ఆరి, మళ్ళీ నాని.
సంతకం ఉంది. సీలు మాత్రం
ఉతికి ఉతికి వెలిసిన చీరంచు మాదిరి.
రూలు ప్రకారం తిప్పి పంపాల.
తిప్పి పంపితే మళ్ళీ మూడు రాత్రులు,
ఒక లారీ, ఒక నడక,
అంతలోపల కిటికీ మూసేస్తారు.

చెక్‌లిస్టులో ఐదో ప్రశ్న:
సీలు స్పష్టంగా ఉన్నదా?

కళ్ళజోడు తీసి పక్కన పెట్టినాను.
ఉన్నాడు, అని రాసినాను.
చూసుకుని, కొట్టేసి,
ఉన్నది, అని దిద్దినాను.